గజాల లెక్క, నీళ్ల లెక్క: హైదరాబాద్‌లో ఐదు రోజులు

మొదటి రోజు, శనివారం (అక్టోబరు 4, 2025)

రైలు కాచిగూడ చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అనంతపురం నుంచి తెచ్చిన ఓళిగల డబ్బా చేతికిస్తే తమ్ముడు దాన్ని వెనక సీట్లో పెట్టి, కారు స్టార్ట్ చేయకుండానే మొదలుపెట్టాడు. "అక్కా, నువ్వు కాలేజీలో ఎకనామిక్స్ చెప్తావు గదా. నాకొక లెక్క తేల్చాల." దసరా సెలవులకి రమ్మని అంతగా ఎందుకు పోరుపెట్టాడో అప్పుడర్థమైంది.

వాడి ఇల్లు మీర్‌పేట దాటాక, ఒక చెరువు కట్టకి దిగువనున్న కాలనీలో. 2020 అక్టోబరు 13న మొదలైన వాన ఒక్క రోజులో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు కురిసింది. ఆ వారంలోనే బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది. వీళ్ల కాలనీ మునగడానికి కట్ట తెగాల్సిన పని కూడా లేకపోయింది, పల్లం చాలు. నడుములోతు నీళ్లు తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉన్నాయి. ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు, రెండు బళ్లు అన్నీ పోయాయి. సర్కారు సాయం పదివేలు బురద ఎత్తించడానికీ, మోటారు బాగుచేయించడానికీ అయిపోయింది. హాలుకి ఆ తర్వాత రెండుసార్లు రంగు వేయించారు గానీ, దేవుడి గది తలుపు పక్కన మాత్రం మరదలు ఒక పెన్సిల్ గీత అట్లాగే ఉంచింది. పిల్లల ఎత్తు కొలిచిన గీతల మధ్య, నీళ్ల ఎత్తు గీత.

ఇప్పుడు మూడు దారులు. ఇల్లు అమ్మడం, జాకీలు పెట్టి లేపించడం, ఏమీ చేయకుండా ఉండటం. మరదలు అమ్మేద్దామంటుంది. "కొనేవాడు ముందడిగే మాటే ఇరవైలో నీళ్లొచ్చినాయా అని. అబద్ధం చెప్పి అమ్ముదామా?" అంటాడు వీడు. నాలుగడుగులు లేపడానికి కాంట్రాక్టరు ఆరు లక్షలు చెప్పాడు. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇక్కడ కొత్త సంగతేం కాదు. రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దాని మీదే వేస్తూ పోతే ఇల్లు ఉన్నచోటే కిందికి దిగుతుంది. వీడి గేటు ముందు ఇప్పుడు రెండు మెట్లు దిగాలి. కొన్నప్పుడు రెండు మెట్లు ఎక్కేవాళ్లట.

సాయంత్రం వీధంతా నడిచి చూశాను. వరసలో ఐదిళ్లు. నాలుగు డాబాలు, చివరిది రేకుల ఇల్లు. అందులో ఒక టైలరు అద్దెకుంటాడు. వీధిలో అందరికంటే పల్లంలో ఉన్నది అతనే.

రాత్రి పడుకోబోయే ముందు కేలెండర్ కాగితం వెనక తమ్ముడికి లెక్క వేసి చూపించాను. 2020లో నష్టం నాలుగు లక్షలు అనుకుందాం. ఆరు లక్షలు బ్యాంకులో ఎనిమిది శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 48 వేలు. వరద ఇరవయ్యేళ్లకోసారి వస్తే ఏడాదికి సగటు నష్టం 20 వేలే, కాబట్టి లేపడం దండగ. అయిదేళ్లకోసారి వస్తే 80 వేలు, లేపాల్సిందే. ఎనిమిదేళ్ల దగ్గర త్రాసు మొగ్గుతుంది.

"అయితే ఎన్నేళ్లకి వస్తుంది?" అన్నాడు.

2000 ఆగస్టులో బేగంపేటలో ఒక రోజులో 24 సెంటీమీటర్ల వాన. తర్వాత అంత పెద్దది 2020లో. అదే పద్ధతిలో నడిస్తే ఇంకో పదిహేనేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. చిక్కల్లా పాత పద్ధతి ఇకమీదట పనికిరాకపోవడమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. ఏడాది మొత్తం వాన పెరగకపోయినా, కురిసినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. నా లెక్కలో వడ్డీ తెలుసు, ఖర్చు తెలుసు, అసలైన అంకె దగ్గర ఖాళీ ఉంది. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండో రోజు, ఆదివారం

ముందు అఫ్జల్‌గంజ్ వెళ్లాం, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు చూడటానికి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారు. నగరంలో పోయినవాళ్లు 15 వేలమందని చెప్తారు. చెట్లూ చెరువుల్లాంటివాటితోనే ముప్పుని ఎదుర్కొనే 'ప్రకృతి ఆధారిత పరిష్కారం' అంటే ఏమిటో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ 2022లో నిర్వచించింది. చెట్టు అప్పటిదాకా ఆగలేదు.

అక్కడికి దగ్గర్లోనే మహాత్మాగాంధీ బస్టాండు. మేం వెళ్లడానికి వారం ముందే, సెప్టెంబరు 26 రాత్రి, మూసీ నీళ్లు అందులోకి వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఇప్పుడు చూస్తే బస్సులు మామూలుగా తిరుగుతున్నాయి, బత్తాయిల బండి కూడా వచ్చేసింది.

1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1909లో వచ్చి ఆయన మొదట చేసిన పని లెక్కపెట్టడం. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయి, అంటే ఇంచుమించు చదరపు మైలుకొకటి. వాటిలో 221 ఆ వరదలో తెగాయి. ఈ అంకెను మనవాళ్లు ఎక్కువగా తలుచుకోరు. పూర్వం చెరువులున్నాయి కాబట్టి వరదలు లేవు అని ఈమధ్య ప్రతి సభలోనూ వింటున్నాం. గొలుసుకట్టులో పై చెరువు తెగితే దాని నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. చెరువంటే గుంట ఒక్కటే కాదు. కట్ట, తూము, మత్తడి, వాటిని ఏటా చూసుకునే మనుషులు, అందరూ ఉండాలి. (మత్తడి అంటే చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు, మావైపు మరువ అంటాం. చెరువు నిండి మరువ పారితే ఊరంతా గంగపూజకి పోతుంది. ఇక్కడ మత్తడి పారుతోందంటే మరదలు పాస్‌పుస్తకాలు అటక మీద పెడుతుంది.)

విశ్వేశ్వరయ్య చెప్పింది నగరానికి ఎగువనే పెద్ద జలాశయాలు కట్టమని. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదకోసం కట్టినవి ఊరికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. మధ్యాహ్నానికి గండిపేట (ఉస్మాన్‌సాగర్‌ని జనం పిలిచే పేరు) కట్ట మీద ఉన్నాం. ఇక్కడి నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకి వాలు మీదే పోతాయి, మోటారు అక్కర్లేదు. ఇప్పుడు నగరం తాగే కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకి పైన పైపుల్లో, పంపులతో ఎత్తిపోస్తే వస్తున్నాయి. నూరేళ్లపాటు కట్టాల్సిన అవసరం రాని కరెంటు బిల్లు ఏ చిట్టాలోనూ ఆదాయంగా కనబడదు. గండిపేటని ఎవరైనా "ఎకరాలకి ఎకరాలు ఊరికే ఉన్నాయి" అనగలుగుతున్నారంటే కారణం ఇదే.

కట్ట దగ్గర మొక్కజొన్న కంకులు కాల్చే పెద్దాయనతో మాట కలిపాను. ఆయనది 111 జీవో ఊరు. 1996లో వచ్చిన ఆ ఉత్తర్వు ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, లక్షా 30 వేల ఎకరాలకు పైగా భూమిలో పెద్ద కట్టడాలు, ఫ్యాక్టరీలు వద్దంది. 2022 ఏప్రిల్‌లో ఇంకో జీవోతో ఆ కట్టు సడలించారు. నీటి మీద ప్రేమ ఉన్నవాళ్లు అప్పుడు చాలా బాధపడ్డారు, నేనూ పడ్డాను. ఆయన బాధపడలేదు.

"గా రోడ్డుకవతల భూమి గజాల్లెక్కన అమ్మిండ్రు. మాది ఎకరాల్లెక్కన గూడ అడిగెటోడు లేకుండె. మీరు తాగుడుకు నీళ్లు, మాకు జీవో."

ఇంతకంటే బాగా నేను క్లాసులో చెప్పలేను. 1997లో న్యూయార్క్ నగరానికీ ఇలాంటి సమస్యే వచ్చింది. కొండల్లోంచి వచ్చే నీళ్లకి కొత్త ఫిల్టర్ ప్లాంటు కట్టాలంటే ఖర్చు వందల కోట్ల డాలర్లు. అది కట్టకుండా, ఎగువనున్న రైతులకీ పల్లెలకీ డబ్బిచ్చి, పేడా మురుగూ వాగుల్లో కలవకుండా చూసుకునే ఒప్పందం చేసుకుంది. ప్లాంటు కంటే అదే చాలా చవక పడింది. అక్కడ నీళ్లు శుభ్రంగా ఉంచినందుకు పై ఊళ్లకి కూలి ఇచ్చారు. ఇక్కడ 26 ఏళ్లు పై ఊళ్లే నగరానికి కట్నం ఇచ్చాయి. జీవో సడలించడం తప్పే అని నేనిప్పటికీ అంటాను. కానీ ఆ పెద్దాయన ముందు అనలేకపోయాను. రెండు కంకులు కొనుక్కుని వచ్చేశాం.

మూడో రోజు, సోమవారం

తమ్ముడు ఆఫీసుకి పోయాడు. మరదలూ నేనూ ఆటోలో అంబర్‌పేట వెళ్లి బతుకమ్మ కుంట చూశాం. పాత రికార్డుల్లో పద్నాలుగెకరాల కుంట. మట్టితో, చెత్తతో నిండి, ముళ్లపొదలు మొలిచి, ఇక్కడొక కుంట ఉండేదని జనం మర్చిపోయిన స్థితికి వచ్చింది. మిగిలిన ఐదెకరాల చిల్లరని, నగరంలో చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వించింది. 2025 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెట్టిన చోట కొద్ది లోతులోనే నీళ్లూరాయి. ఏడు కోట్ల పైన ఖర్చుతో తయారుచేసి సెప్టెంబరు 28న ప్రారంభించారు. 1908 వరద తేదీ కూడా అదే. ఎవరైనా కావాలని పెట్టారో, అట్లా కుదిరిందో!

గట్టు మీద జనం పండగ మర్నాటి ముఖాలతో ఉన్నారు. పిల్లలు జారుడుబండ ఎక్కుతున్నారు. నేను బెంచీ మీద కూర్చుని మళ్లీ లెక్కలు మొదలెట్టాను. మరదలు "వదినా, ఇక్కడ కూడానా" అంది గానీ ఆ లెక్క ఆమెకే ఎక్కువ నచ్చింది.

ఐదెకరాలంటే 24,200 గజాలు. ఊరి నడిబొడ్డు గజం లక్ష అనుకుందాం, 242 కోట్లు. అంటే కుంట అసలు ఖరీదు ఏడు కోట్లు కాదు. అమ్ముకోకుండా వదులుకున్నది కూడా అందులో కలపాలి. మరి లాభం? సగటున మూడు మీటర్ల లోతు అనుకుంటే ఆరు కోట్ల లీటర్లు పడతాయి. ఐదువేల లీటర్ల ట్యాంకర్లయితే పన్నెండు వేలు. పెద్దవాన నాడు అన్ని నీళ్లు ఇళ్లలోకి పోకుండా ఆగుతాయి. చుట్టుపక్కల బోర్లు ఊరతాయి, వేసవిలో గాలి కాస్త చల్లబడుతుంది, సాయంత్రం నడిచే ముసలివాళ్లకి చోటు ఉంటుంది. ఇవన్నీ కలిపినా 242 కోట్లు కనబడతాయా? ఒక్క కుంటకి కనబడకపోవచ్చు. చెరువు ప్రేమికులు ఈ మాట ఒప్పుకోరు. ఒప్పుకోకపోతేనే ఓడిపోతాం అని నా అనుమానం.

ఎందుకంటే గజాల లాభం ఒక మనిషికి, ఈ సంవత్సరమే, రిజిస్ట్రేషను ఆఫీసులో చేతికొస్తుంది. నీళ్ల లాభం వేలమందికి, కొంచెం కొంచెంగా, ఎప్పుడో వచ్చే వాన రోజున అందుతుంది. పైగా వడ్డీ ఒకటి. ఇరవయ్యేళ్ల తర్వాత తప్పే వంద రూపాయల నష్టానికి ఇవాళ ఎంత పెట్టొచ్చు? పది శాతం వడ్డీతో వెనక్కి లెక్కగడితే పదిహేను రూపాయలు. 1.4 శాతంతో లెక్కగడితే 75 పైన. ఈ 1.4 నేను కల్పించింది కాదు. 2006లో వాతావరణ మార్పుల నష్టం మీద బ్రిటన్ ప్రభుత్వానికి ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ ఇచ్చిన నివేదికలో వాడిన రేటు. రేపటి మనుషుల్ని ఇంత ఎక్కువగా తూచకూడదని, రేటు మార్కెట్ వడ్డీకి దగ్గరగా ఉండాలని ఇంకో ఆర్థికవేత్త విలియమ్ నోర్డ్‌హాస్ వాదించాడు. ఆయనకి 2018లో నోబెల్ వచ్చింది. ఇద్దరి మధ్య తగువు సైన్సు గురించి కాదు, మనవళ్ల రూపాయి మన రూపాయితో సమానమా కాదా అని.

"మా అమ్మ బంగారం మనవరాలికి దాచినప్పుడు వడ్డీ లెక్క చూసుకోలేదు" అంది మరదలు. స్టెర్న్ పక్షమే.

అక్కణ్నుంచి బన్సీలాల్‌పేట మెట్ల బావికి. ఇది 2022 డిసెంబరులో తెరిచారు. రెండువేల టన్నుల చెత్త తీశాక కింద అందమైన రాతి మెట్లు బయటపడ్డాయి. ఫొటోలకి జనం బాగా వస్తున్నారు. బాగుంది, అంతకంటే ఎక్కువ చెప్పడానికి లేదు. దాహం వేస్తే బయట బాటిలే కొనుక్కున్నాం.

నాలుగో రోజు, మంగళవారం

నెక్నాంపూర్ చెరువు వెళ్దామనుకున్నాం. అక్కడ 2018లో ఒక స్వచ్ఛంద సంస్థ వెదురు, థర్మకోల్, గోనెసంచులు, కంకర పొరలుగా పేర్చి, వట్టివేరు, మెట్టతామర లాంటి మొక్కలు నాటి నీటి మీద తేలే దీవి చేసింది. మొక్కల వేళ్లు మురుగులోని నత్రజనిని తినేస్తాయి. కానీ పొద్దున్నే వాన పట్టుకుంది. మరదలు కిటికీ దగ్గరికీ గేటు దగ్గరికీ తిరుగుతూనే ఉంది. "టెన్షన్ పడకు, మామూలు వానే" అన్నాను. "మామూలుదో కాదో ఆగినాకే కదా తెలిసేది" అంది.

జాకెట్టు చేతులు బిగుతు చేయించాలని చివరింటి టైలరు దగ్గరికి గొడుగేసుకుని వెళ్లాను. వాన చప్పుడుకి రేకుల కింద అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. వానకంటే ఎండే తనకి పెద్ద శత్రువు అన్నాడు. ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా మిషను ముందు కూర్చోలేడు. చెమట బట్ట మీద పడితే మరక. రోజుకి ఆరు జాకెట్లు కుట్టేవాడు నాలుగు కుడతాడు.

ఎండ వల్ల 2030 నాటికి భారతదేశం 5.8 శాతం పనిగంటలు, అంటే మూడు కోట్ల 40 లక్షల ఉద్యోగాలంత పని కోల్పోతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో లెక్కవేసింది. ఆ అంకె నేను పదిసార్లు బోర్డు మీద రాసి ఉంటాను. రెండు జాకెట్లుగా మొదటిసారి విన్నాను.

పైకప్పుకి తెల్లటి పూత వేస్తే లోపల చల్లబడుతుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు దాని లక్ష్యం. ఇది చెట్టూ కాదు, చెరువూ కాదు, ఉత్త సున్నం లాంటి పని. ఖర్చుకి తగ్గ ఫలితం చూస్తే నా దృష్టిలో అన్నింటికంటే మేలైనది.

"మరి మీరు వేసుకోలేదేం?"

"ఇల్లు నాది కాదు గదమ్మా. ఓనరు సారు ఎందుకేస్తడు, ఆయనకు ఏసీ ఉన్నది. నేనేస్తే, మంచిగైందని కిరాయి పెంచుతడు."

పూత ఖర్చు ఒకరిది, చల్లదనం ఇంకొకరిది. గండిపేటలో నీళ్లు ఒకరివి, జీవో ఇంకొకరిది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2023 నివేదిక ప్రకారం ఈ దశాబ్దంలో వర్ధమాన దేశాలు వాతావరణ మార్పులకు సర్దుకోవడానికి ఏడాదికి 21,500 కోట్ల నుంచి 38,700 కోట్ల డాలర్ల దాకా కావాలి. 2021లో బయటి దేశాల ప్రభుత్వాల నుంచి వచ్చింది 2,100 కోట్లు. డబ్బు లేకపోవడం నిజమే. కానీ ఆ డబ్బంతా వచ్చినా ఈ టైలరు ఇంటి కప్పుకి చేరే దారి నాకు కనబడలేదు. డబ్బు ఆస్తి ఉన్నవాడి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది.

లేచేటప్పుడు అతను నెమ్మదిగా అడిగాడు. "మీ తమ్ముడుసారు ఇల్లు లేపుతున్నడంట కదా. లేపితే ఇప్పుడు ఆళ్ల హాల్లో నిలబడే నీళ్లు ఏడికి పోతయమ్మా?"

జాకెట్టుకి డబ్బులు తీసుకోనంటే బలవంతాన ఇచ్చి వచ్చాను. వాన మధ్యాహ్నానికి తగ్గింది. గేటు ముందు చీలమండ దాకా నిలిచి, సాయంత్రానికి ఇంకిపోయింది. ఆ ప్రశ్న తమ్ముడికి రాత్రి చెప్పాను. "ఆయన్ని గురించి నేనూ ఆలోచించినా అక్కా. కానీ ఆయన కోసం నేను మునగాల్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. వీధి చివరి నాలాని ఇప్పుడున్నదానికి రెండింతలు వెడల్పు చేయిస్తే ఐదిళ్లూ గట్టెక్కుతాయి, ఖర్చు ఇంటికి ఇంతని పంచుకుంటే లేపడం కంటే తక్కువే. కానీ నాలా కాంట్రాక్టరుకి ఫోన్ చేసి ఏ ఒక్కరూ మాట్లాడుకోలేరు. జాకీల కాంట్రాక్టరు మాత్రం ఆదివారాలు కూడా ఫోనెత్తుతాడు.

ఐదో రోజు, బుధవారం

రైలు సాయంత్రం. పొద్దున పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డుకి వెళ్లాను. నగరం మురుగు పారే ఈ నీళ్లతోనే ఎకరాలకి ఎకరాలు పశుగ్రాసం పెంచుతారు. పొద్దున్నే కోసి మోపులు కట్టి నగరం బర్రెలకి అమ్ముతారు. అది నీటిలోని నత్రజని తాగి పెరిగే గడ్డి, అంటే రైతులు ప్రకృతి ఆధారిత శుద్ధి కేంద్రాన్ని పైసా జీతం లేకుండా నడుపుతున్నారు. ఆ మాట అనుకుని మురిసిపోయే లోపు ఒకామె చేతులు చూపించింది. మోచేతుల దాకా దద్దుర్లు. నీళ్లు శుభ్రపరిచే పని గడ్డి ఒక్కటే చేయట్లేదు. మూసీ సుందరీకరణ గురించి అడిగితే ఆమె నవ్వింది. "నీళ్లు మంచిగైతే మంచిదే బిడ్డా. గానీ గప్పుడు గీ గడ్డి జాగల మమ్మల్ని ఉండనిస్తరా?"

స్టేషనులో తమ్ముడు సంచి నిండా ఉస్మానియా బిస్కెట్లు పెట్టాడు. లెక్క కాగితం ఇంకా వాడి జేబులోనే ఉంది, మడతల దగ్గర చిరిగింది. ఏం తేల్చుకున్నావని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

రైలు మహబూబ్‌నగర్ దాటాక మెసేజ్ వచ్చింది. కాంట్రాక్టరు మళ్లీ ఫోన్ చేశాడట. వరసలో నాలుగు డాబాలు కలిసి లేపించుకుంటే జాకీలు ఒకేసారి దింపుతాడట, ఇంటికి లక్ష తగ్గిస్తాడట. పక్కింటివాళ్లు సరే అన్నారట.

ఐదో ఇంటి ఊసు అందులో లేదు.